"జీపీ (గ్రామపంచాయతీ) లేఅవుట్" ప్లాటు కొనొచ్చా? ఇంటి పర్మిషన్ విషయంలో పంచాయతీ సంతకం ఎంతవరకు చెల్లుతుంది?

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నను రెండు ముక్కల్లో మళ్ళీ రాస్తాను. యాదాద్రి భువనగిరి జిల్లాలో మీ సొంతూరిని ఆనుకొని 200 గజాల ప్లాటు ఒకటి మీ బాపుకు నచ్చింది. అమ్మేటాయన "ఇది జీపీ లేఅవుట్, 2016 మార్చిలోనే సర్పంచ్, సెక్రటరీ సంతకాలు పెట్టిండ్రు, ఏ రంది లేదు" అంటున్నాడు. కొన్నాక ఇంటి పర్మిషన్ పంచాయతీయే ఇస్తుందా, ఇస్తే చెల్లుతుందా, ఎవరైనా అడ్డం పడితే కొత్త సర్పంచ్‌తో ఒక మాట చెప్పిస్తే పనవుతుందా అని అడిగారు. అదే వెంచర్‌లో ఇంకొకాయన ఫైలు పంచాయతీ వాళ్ళు పక్కన పెట్టేశారని, కారణం చెప్పలేదని కూడా రాశారు.

ముందు పొట్టి జవాబు. బయానా ఇప్పుడే ఇవ్వకండి. ఇంటి పర్మిషన్ పంచాయతీయే ఇస్తుంది, అది చెల్లుతుంది కూడా. కానీ ఆ ప్లాటు ఉన్న లేఅవుటే చెల్లకపోతే ఇంటి పర్మిషన్ దాకా మీరు పోలేరు. ఇక సర్పంచ్‌తో చెప్పించడం గురించి చివర్లో చెప్తాను, ఎందుకంటే అది మీరనుకున్నంత తేలిక సంగతి కాదు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా పంచాయతీ శాఖలో చేసి, మండల స్థాయిలో రిటైరయ్యాను. ఊళ్ళో కార్యదర్శిగా ఉన్నప్పుడు ఇలాంటి ఫైళ్ళ మీద సంతకాలు పెట్టాను, తర్వాత పైనుంచి తనిఖీలు చేశాను. కాబట్టి రెండు వైపులా చూసినవే రాస్తున్నాను.

జనం కలిపేసేవి రెండు వేరు వేరు నిర్ణయాలు. ఒకటి, పొలాన్ని ప్లాట్లుగా కోసి రోడ్లు వేసే లేఅవుట్. రెండోది, ఒక ప్లాటులో ఇల్లు కట్టుకోవడం. రెండో దానిలో పంచాయతీకి నిజంగా అధికారం ఉంది. మొదటి దానిలో పంచాయతీ చేసే పని చాలావరకు పోస్టాఫీసు పని. దరఖాస్తు తీసుకుంటుంది, ప్రాథమికంగా చూస్తుంది, సాంకేతిక ఆమోదం కోసం పైకి పంపుతుంది. ఆ ఆమోదం వచ్చి, అందులోని షరతులన్నీ పూర్తయ్యాక పంచాయతీ లేఅవుట్‌ను విడుదల చేస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన గ్రామపంచాయతీ లేఅవుట్, భవన నియమాల నుంచీ ఇదే పద్ధతి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం దీన్ని ఇంకా బిగించింది. పైకి అంటే ఎవరికి అన్నది ఊరిని బట్టి ఉంటుంది. బీబీనగర్, భువనగిరి, పోచంపల్లి, చౌటుప్పల్ వైపు హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), యాదగిరిగుట్ట చుట్టుపక్కల వైటీడీఏ (గుట్ట ఆలయ అభివృద్ధి సంస్థ), మిగతా చోట్ల డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ).

కాబట్టి సర్పంచ్, సెక్రటరీ ఇద్దరే సంతకం పెట్టేస్తే లేఅవుట్ అయిపోవడం అనేది 2016లోనూ లేదు, 2010లోనూ లేదు. "జీపీ లేఅవుట్" అనేది చట్టంలో ఉన్న మాటే కాదు, బ్రోకర్లు పుట్టించిన మాట. మరి ఆ కాగితం ఏమిటి అంటారా? నేను చూసినవాటిలో కొన్ని ఉత్త ఫీజు రసీదులు, కొన్ని "మాకు అభ్యంతరం లేదు" అని రాసిచ్చిన ఉత్తరాలు. ఇంకొన్నింటిలో ఒక బ్లూప్రింట్ మీద గుండ్రటి స్టాంపు కొట్టి ఉంటుంది. ఆ స్టాంపుకింద ఏం ఆమోదించారో, ఏ తీర్మానంతో ఆమోదించారో ఒక్క అక్షరం ఉండదు.

అసలైన లేఅవుట్‌ను గుర్తు పట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. దానికి ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) ఉంటుంది. మొత్తం జాగలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదిలి, రోడ్లతో పాటు దాన్ని పంచాయతీ పేరున గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేసి ఉంటారు. రోడ్లు, మోరీలు, కరెంటు పూర్తి చేస్తామన్న హామీగా కొన్ని ప్లాట్లు, మామూలుగా 15 శాతం, తనఖాలో ఉంటాయి. మీరు కొనే ప్లాటు ఆ తనఖా ప్లాట్లలోది కాదని కూడా చూసుకోవాలి, అది వేరే ముచ్చట. అమ్మేటాయనను "పార్కు జాగ ఎక్కడుంది, గిఫ్ట్ డీడ్ నంబరెంత" అని ఒక్క ప్రశ్న అడగండి. నిజమైన వెంచర్ అయితే నంబరు చెప్తాడు. కాకపోతే "పార్కు అటు మూలకు వస్తది, గుడి కూడా కడతం" అంటాడు.

ఇప్పుడు మీ దగ్గరున్న ఆ 2016 మార్చి కాగితం సంగతి. దాన్ని తీసి స్టాంపు చూడండి. భూతద్దం ఉంటే ఇంకా మంచిది. స్టాంపులో జిల్లా పేరు ఏముంది? మీ జిల్లా పుట్టింది 2016 అక్టోబర్ 11న, దసరా రోజు, 10 జిల్లాలను 31 చేసినప్పుడు. అంతకుముందు మీ ఊరు నల్గొండ జిల్లా. మార్చి తేదీ వేసిన కాగితం మీద "యాదాద్రి జిల్లా" అని స్టాంపు ఉంటే, ఆ కాగితం ఎప్పుడు తయారైందో దాని నోటితో అదే చెప్తున్నట్టు.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. ఒక మండలంలో తనిఖీకి పోయినప్పుడు నా బల్ల మీదికి వచ్చిన ఒక పర్మిషన్ కాగితంలో తేదీ 2015. సంతకం నిజంగానే అప్పటి కార్యదర్శిది, నేను తనిఖీకి పోయేనాటికి రిటైరై ఇంటికాడ ఉన్నాడు. కాగితం కూడా మడతలు పడి, అంచులు పసుపెక్కి బ్రహ్మాండంగా ఉంది. టీ నీళ్ళలో ముంచారేమో, నాకు ఇప్పటికీ అనుమానమే. కానీ కింద అచ్చులో "తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం" అని ఉంది. 2015లో కూర్చుని 2018 చట్టాన్ని ఎలా రాశాడో అడిగితే పెద్దమనిషి దగ్గర జవాబు లేదు. ఊళ్ళు మున్సిపాలిటీల్లో కలిసినప్పుడల్లా, రిజిస్ట్రేషన్లు ఆపినప్పుడల్లా ఇలాంటి పాత తేదీల కాగితాలు పుట్టగొడుగుల్లా లేస్తాయి.

ఇంకో తేదీ కూడా గుర్తు పెట్టుకోండి. సర్పంచుల పదవీకాలం అయిపోయి, 2024 ఫిబ్రవరి మొదట్లో పంచాయతీలన్నీ ప్రత్యేకాధికారుల చేతికి పోయాయి. మళ్ళీ 2025 డిసెంబర్ ఎన్నికలతోనే కొత్త సర్పంచులు వచ్చారు. ఆ మధ్య తేదీతో సర్పంచ్ సంతకం ఉన్న కాగితం ఎవరైనా చూపిస్తే అక్కడే లేచి రండి. అట్లాగే 2018లో తండాలు, ఆవాస గ్రామాలు చాలా కొత్త పంచాయతీలయ్యాయి. ఎనిమిది వేల ఆరు వందల పైచిలుకు ఉన్న పంచాయతీలు పన్నెండు వేల ఏడు వందలు దాటింది అప్పుడే. కొత్త పంచాయతీ పేరుతో అంతకుముందు తేదీ కాగితం ఉండటానికి వీల్లేదు.

స్టాంపు సరిగానే ఉందనుకోండి, అప్పుడు రిజిస్టర్లు చూడాలి. పంచాయతీలో ఏ నిర్ణయమైనా కాగితం ఒక్కటే ఉండదు, దాని వెనక తోక ఉంటుంది. తీర్మానాల పుస్తకంలో తీర్మానం నంబరు, ఫీజు కట్టిన రసీదు పుస్తకంలో కౌంటర్ ఫాయిల్, ఆ డబ్బు జమైన చలానా, అనుమతుల రిజిస్టర్‌లో ఒక వరుస. నాలుగింటిలో తేదీలు ఒకదానికొకటి కుదరాలి. తీర్మానాల పుస్తకంలో చివరి సభ్యుడి సంతకానికి, తర్వాతి పేజీకి మధ్య ఇరికించి రాసిన చిన్న అక్షరాలు కనిపిస్తే నేను ఇంకేం చూసేవాణ్ణి కాదు, పుస్తకం సీజ్ చేసేవాణ్ణి.

ఇవి మీకు చూపించమంటే సెక్రటరీ బిజీ అనవచ్చు. సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తు పెట్టండి. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసులకు దరఖాస్తు ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ఫలానా సర్వే నంబరులో లేఅవుట్‌కు సంబంధించిన తీర్మానం, ఫీజు రసీదు, సాంకేతిక ఆమోదం ప్రతులు ఇవ్వండి, రిజిస్టర్లు స్వయంగా చూడటానికి రోజు చెప్పండి అని రాయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "సదరు రికార్డు ఈ కార్యాలయంలో అందుబాటులో లేదు" అని వస్తే బాధ పడకండి. మీకు కావాల్సిన జవాబు అదే. పంచాయతీ వాళ్ళు ఫైలు పక్కన పెట్టేసిన ఆ ఇంకొకాయనకు కూడా ఇదే దారి. నోటిమాటగా కాదన్నది నిర్ణయం కాదు. దరఖాస్తుకు రసీదు తీసుకొని, తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి. అప్పటికీ ఇవ్వకపోతే మండల పంచాయతీ అధికారి, జిల్లా పంచాయతీ అధికారి, సోమవారం కలెక్టరేట్లో ప్రజావాణి ఉన్నాయి. అయితే నా అంచనా చెప్పమంటే, ఆయనకు కారణం తెలియకపోవడం కాదు, ఆ వెంచర్ లేఅవుటే అసలు కారణం.

ఇక్కడ ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) మాట రాక తప్పదు. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొని ఇరుక్కున్నవాళ్ళ కోసం 2020 ఆగస్టు 31న 131 నంబరు జీవో ఇచ్చారు. కటాఫ్ తేదీ అదే సంవత్సరం ఆగస్టు 26. వెయ్యి రూపాయల ఫీజుతో రాష్ట్రమంతా సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి, ఏళ్ళ తరబడి అట్లాగే పడి ఉన్నాయి. 2025లో 25 శాతం రాయితీ ప్రకటిస్తే గానీ కదల్లేదు. మీకు ఇందులో పనికొచ్చే ప్రశ్న ఒక్కటే. అమ్మేటాయన ఆ ప్లాటును 2020 ఆగస్టు 26కు ముందు తన పేరున ప్లాటుగా రిజిస్టర్ చేసుకున్నాడా, లేక ఇంకా మొదటి పట్టాదారు పేరునే ఉండి ఇప్పుడు మీకు తొలిసారి కోసి అమ్ముతున్నాడా? మొదటిదైతే, ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్స్ (క్రమబద్ధీకరించినట్టు ఇచ్చే ఉత్తర్వు) చూపిస్తే ఆలోచించవచ్చు. రెండోదైతే మామూలుగా సబ్ రిజిస్ట్రార్ దగ్గరే ఆగిపోతుంది.

ఖర్చు ఎంతో ఒక లెక్క చూడండి. క్రమబద్ధీకరణ ఫీజు వేరు, దానితో పాటు లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదల్లేదు కాబట్టి ప్లాటు రిజిస్ట్రేషన్ నాటి విలువలో 14 శాతం కట్టాలి. ఆయన కొన్ననాడు ప్రభుత్వ విలువ గజానికి వెయ్యి అనుకుందాం. 200 గజాలకు రెండు లక్షలు, అందులో 14 శాతం అంటే 28 వేలు. పెద్ద మొత్తమేమీ కాదు. అందుకే "ఎల్ఆర్ఎస్ మీరు కట్టుకోండి, ధరలో తగ్గిస్త" అంటారు. ఒప్పుకోకండి. డబ్బు కట్టినంత మాత్రాన అయిపోదు. చెరువు శిఖంలోనో (నీళ్ళు నిలిచే జాగలోనో), ప్రభుత్వ భూమిలోనో ఉంటే ఎంత కట్టినా తిరస్కరిస్తారు. ఆయనే కట్టి, ప్రొసీడింగ్స్ చేతిలో పెట్టాకే మాట్లాడండి.

"ఫామ్ ప్లాట్" అని గుంటల్లెక్కన అమ్మేవాళ్ళ గురించి మీరు అడగలేదు గానీ ఒక్క మాట. గుంటకు 121 గజాలు. రెండు గుంటలు తీసుకొని గేటు పెట్టుకుంటే అది ఇంటి ప్లాటు కాదు, రికార్డులో పొలమే. నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చే అనుమతి) లేని వ్యవసాయ భూమిలో ఇంటికి పర్మిషన్ అడిగితే పంచాయతీ తిప్పి పంపుతుంది. తిప్పి పంపడమే దాని డ్యూటీ.

సరే, లేఅవుట్ గండం దాటారనుకుందాం. ఇంటి పర్మిషన్‌కు వద్దాం. పంచాయతీ సొంతంగా అనుమతించగల హద్దు ఇది: ప్లాటు 300 చదరపు మీటర్ల వరకు, అంటే సుమారు 359 గజాలు. ఎత్తు 10 మీటర్ల వరకు, అంటే కింద ఒకటి, పైన రెండు అంతస్తులు. అంతకు మించితే సాంకేతిక ఆమోదానికి పైకి పోతుంది. మీది 200 గజాలు కాబట్టి మీ ఫైలు ఊళ్ళోనే తేలుతుంది. దానికి కావాల్సినవి: యజమాని పత్రాలు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పత్రాలు), ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల ధ్రువపత్రం), లైసెన్సు ఉన్న ఇంజనీరు గీసిన ప్లాను, ఇంటి జాగ ఊరి నడుమ గ్రామకంఠంలో (పాత నివాస స్థలంలో) ఉంటే దాని ఆధారాలు. ఫీజులు మామూలే. ఇంటి ఖర్చును బట్టి లేబర్ సెస్సు కూడా పడుతుందేమో అడిగి తెలుసుకోండి.

కాగితాలు సరిగ్గా ఉన్నా ఫైళ్ళు ఎక్కడ తన్నేస్తాయో నేను చూసినంతలో చెప్తాను. సగానికి సగం రోడ్డు దగ్గర. ప్లానులో "30 అడుగుల రోడ్డు" అని నిటారుగా రెండు గీతలుంటాయి. టేపు పట్టుకొని పోతే ఒక వైపు ఎవరిదో బర్రెల కొట్టం చూరు ముందుకు వచ్చి ఉంటుంది, ఇంకో వైపు ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె. మధ్యలో మిగిలేది పదిహేడు అడుగులు. ఇంటాయన "సార్, ఆ కొట్టం తీసేస్తడు, మాట్లాడినం" అంటాడు. కొట్టం వాడు అప్పుడే వాకిట్లోకి వచ్చి "ఎవడు మాట్లాడిండు?" అంటాడు. ఇట్లాంటి చోట కార్యదర్శి ఫైలు ఆపితే దాన్ని వేధింపు అనుకోకండి. రేపు మీ ఇంటికి మంటలు అంటుకుంటే ఫైరింజన్ రావాల్సింది ఆ పదిహేడు అడుగుల్లోంచే.

పక్కింటివాళ్ళ అభ్యంతరాలు రెండో రకం. వీటిలో ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో చాలామంది కార్యదర్శులకే స్పష్టత లేదు. "మా వాకిలి వాళ్ళ కిటికీకి కనిపిస్తది", "మా ఇంటికన్నా ఎత్తు కడుతున్నరు", "వాస్తు చెడుతది" ఇవి కారణాలు కావు. వదలాల్సిన ఖాళీ వదల్లేదు, హద్దు రాయి దాటి పునాది తీశారు, నక్షా బాటను (ఊరి మ్యాపులో ఉన్న దారిని) మూసేశారు, వాన నీళ్ళు పోయే మోరీని కప్పేశారు, ఇవి కారణాలే. ఆస్తి తగాదా కోర్టులో ఉందంటే, ఉత్త కేసు నంబరు చూసి కాదు, స్టే ఉందా లేదా చూడాలి. ఇక్కడే ఇంకొకటి: ఇంటి పర్మిషన్ వచ్చిందంటే జాగ మీదేనని పంచాయతీ తీర్పు ఇచ్చినట్టు కాదు. ఇంటి పన్ను రసీదు కూడా అంతే. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) కొని, ఇల్లు కట్టి, పదేళ్ళు పన్ను కట్టినవాళ్ళను చూశాను. 1977 చట్టం ప్రకారం ఆ కొనుగోలే చెల్లదు. పన్ను రసీదుల కట్ట దాన్ని మార్చలేకపోయింది. అందుకే ప్లాటు సర్వే నంబరు నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందేమో ముందే చూసుకోవాలి.

మూడోది నీళ్ళు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇందులో నేనే తప్పు చేశాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏళ్ళలో, ఒక ఊళ్ళో కూలి పని చేసుకునే దంపతులు రెండు గదుల ఇంటికి దరఖాస్తు పెట్టారు. ఏప్రిల్ నెల. జాగ చూడటానికి పోయాను. పక్కన సర్కారు తుమ్మ చెట్లు దట్టంగా ఉన్నాయి, వాటి కింద చిన్న పల్లం. ప్లానులో ఏమీ లేదు, నేనూ ఏమీ అడగలేదు. సంతకం పెట్టాను. రెండో వానాకాలంలో ఊరి చెరువు నిండి అలుగు (మిగులు నీళ్ళు పొర్లిపోయే గట్టు) దుంకింది. ఆ పల్లం నిజానికి అలుగు నీళ్ళు వాగులోకి పోయే కాలువ. తుమ్మలు పెరిగి, ఏళ్ళుగా చెరువు నిండక, అందరూ దాన్ని మరిచిపోయారు. రాత్రికి రాత్రి గోడల నడుము దాకా నీళ్ళు. మనుషులకు ఏమీ కాలేదు, బియ్యం, బట్టలు, ఒక మేక పోయాయి. పొద్దున నేను పోతే ఆమె నన్నేమీ అనలేదు. తడిసిన బియ్యాన్ని చాప మీద ఆరబోస్తూ, "సారూ, మీరొచ్చి చూసిన జాగనే గదా" అంది, అంతే.

ఆనాటి నుంచి ఏ ఊళ్ళోనైనా చెరువుకు, వాగుకు దగ్గర ఫైలు వస్తే నేను ముందు నీరటిని వెంట తీసుకొని పోయేవాణ్ణి. చెరువు తూము తిప్పి, పొలాలకు నీళ్ళు పెట్టే మనిషికి తెలిసినంత ఏ మ్యాపుకూ తెలియదు. "నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తయి?" అని అడిగితే చెప్పుతో నేల మీద గీత గీసేవాడు. ఇప్పుడు నీరటి పని చేసేవాళ్ళు తగ్గిపోయారు గానీ, అరవై దాటిన రైతు ఎవరైనా చెప్తాడు.

కాగితం మీద లెక్క కూడా తెలుసుకోండి. 2012 నాటి 168 నంబరు జీవోలోని భవన నియమాల ప్రకారం, 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు వదలాలి. వాగు, కాలువ, వాన నీటి నాలా 10 మీటర్ల కన్నా వెడల్పుంటే 9 మీటర్లు, తక్కువైతే 2 మీటర్లు. మున్సిపాలిటీ హద్దు బయట నదికి 100 మీటర్లు. ఇందులో జనం పొరపడేది ఒక్క దగ్గరే: ఈ దూరాన్ని ఎండాకాలంలో నీళ్ళున్న అంచు నుంచి కొలుస్తారు. కొలవాల్సింది చెరువు నిండితే నీళ్ళు నిలిచే ఎఫ్‌టీఎల్ గీత నుంచి. మీ బాపు చూసిన ప్లాటుకు వెనకాల చెరువు కట్ట కనిపిస్తుందని మీరే రాశారు. కట్టకు ఏ వైపు ఉంది? లోపలి వైపైతే ఇక్కడితో ఆపేయండి, మిగతాదంతా చదవనక్కర్లేదు. బయటి వైపైతే అలుగు ఎటు ఉందో కనుక్కోండి.

ఇప్పుడు సర్పంచ్‌తో చెప్పించడం. కొత్తగా గెలిచినాయన మీకు తెలిసినాయనేనని, "పని నాది" అన్నాడని రాశారు. ఆయన మనసు మంచిదే కావచ్చు. కానీ సర్పంచ్ ఒక మాట చెప్తే, కాకూడని పని కూడా అయిపోయే రోజులు కావివి. అక్రమ లేఅవుట్లకు, కట్టడాలకు సర్పంచ్‌ను, కార్యదర్శిని బాధ్యుల్ని చేసి, పదవి నుంచి తీసేసే దాకా 2018 చట్టం పోయింది. ఊరి కార్యదర్శుల్లో చాలామంది చిన్న వయసువాళ్ళు. ఒక్క ఫిర్యాదుకు సస్పెన్షన్ అని వాళ్ళకు తెలుసు. మీరు పైనుంచి ఒత్తిడి పెడితే రెండే జరుగుతాయి: ఫైలు బీరువాలో పడుకుంటుంది, లేదా సంతకమైపోయి రెండేళ్ళ తర్వాత రద్దవుతుంది. రెండోది మరీ ప్రమాదం, అప్పటికి స్లాబు పడి ఉంటుంది. సర్పంచ్ వల్ల న్యాయంగా అయ్యే మేలు ఒకటుంది. పంచాయతీ సమావేశం నెలకోసారి జరగాలి. మీ ఫైలు ఎజెండాలో పెట్టించి, అవునో కాదో రాతపూర్వకంగా తేల్చమని ఆయనను అడగండి. అంతవరకే.

"కట్టేస్తే ఎవరు కూలుస్తరు" అనే మాట కూడా ఆ వెంచర్‌లో ఎవరో అన్నారట. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు బుల్డోజర్ల మీద ఇచ్చిన తీర్పులో కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఉండాలంది. నిజమే. కానీ రోడ్డు, చెరువు, వాగు వంటి వాటిలో కట్టినవాటికి ఆ రక్షణ లేదని అదే తీర్పు చెప్పింది. మరుసటి నెలలోనే ఇంకో తీర్పులో, ఎన్నేళ్ళు గడిచినా, ఎంత డబ్బు పెట్టినా, అధికారులు చూసీ చూడనట్టున్నా అక్రమ కట్టడం సక్రమం కాదని తేల్చింది. మొదటి తీర్పు వాట్సాప్‌లో తిరిగినంతగా రెండోది తిరగలేదు.

ఇది చదివే ఆంధ్రా వాళ్ళకు ఒక మాట. మీకు పాత 1994 పంచాయతీరాజ్ చట్టమే నడుస్తోంది, ఊళ్ళు చాలావరకు ఏదో ఒక పట్టణాభివృద్ధి సంస్థ కిందికి వచ్చాయి, లేఅవుట్ నియమాలు, చార్జీలు వేరు. పైన రాసిన అంకెలన్నీ మీకు వర్తిస్తాయనుకోకండి. తీర్మానాల పుస్తకం, రసీదు కౌంటర్ ఫాయిల్, అలుగు దారి మాత్రం రెండు చోట్లా ఒకటే.

మీ బాపుకు ఏం చెప్పాలంటే, ఈ ఆదివారం ఆయననే పొమ్మనండి, మీరు హైదరాబాద్ నుంచి పోవాల్సిన పని లేదు. ఊళ్ళో పెద్దవాళ్ళలో ఎవరినైనా వెంటబెట్టుకొని ఆ ప్లాటు దగ్గర నిలబడి చెరువు గురించి అడగమనండి. టేపుతో రోడ్డు కొలిచి రమ్మనండి, ప్లానులో రాసింది కాదు, నేల మీద ఉన్నది. మీరు ఈలోపు ఆ సర్వే నంబరుకు ఈసీ తీసి, మొదటి పట్టాదారు నుంచి ఎన్ని చేతులు మారిందో, 2020 ఆగస్టు 26కు ముందు ప్లాటుగా రిజిస్టర్ అయ్యిందో లేదో చూడండి. ఆర్టీఐ దరఖాస్తు ఈ వారమే వేసేయండి. అమ్మేటాయన "రేపు ఇంకో పార్టీ వస్తుండు" అంటే రానివ్వండి.

ఆ 2016 కాగితం ఫొటో ఇక్కడ పెడితే చూసి చెప్తాను. పేర్లు, ఫోన్ నంబర్లు చెరిపేయండి. స్టాంపు, తీర్మానం నంబరు, కింద అచ్చులో ఉన్న వరుస మాత్రం స్పష్టంగా పడాలి.